రాత్రికి రాత్రి విండోస్ 11 అయిపోయిన ఇంటి సిస్టమ్: వెనక్కి తేవడం, మళ్లీ మారకుండా ఆపడం

గుంటూరు జిల్లాలో ఒక ఇంటి ముందుగదిలో నడిచే డీటీపీ పని ఇది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు. ఉన్నది ఒకటే సిస్టమ్: ఇంటెల్ 8వ తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ, 64 బిట్ విండోస్ 10 హోమ్, వర్షన్ 22హెచ్2. అందులో పేజ్‌మేకర్ 7, యూఎస్‌బీ డాంగిల్ గుచ్చితే తప్ప తెరుచుకోని తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్, పదేళ్లు దాటిన ఫ్లాట్‌బెడ్ స్కానర్. పగలంతా పని, సాయంత్రం పిల్లల ఆటలూ హోంవర్కూ. అందరికీ ఒకటే అకౌంటు, అదీ అడ్మిన్.

2025 ఆగస్టు 9, శనివారం, రాఖీ పౌర్ణమి. శ్రావణమాసం కావడంతో కార్డుల ఆర్డర్లు మీద మీద ఉన్నాయి. ఆదివారం పొద్దున సిస్టమ్ ఆన్ చేస్తే స్టార్ట్ బటన్ స్క్రీన్ మధ్యలో ఉంది. డాంగిల్ గుర్తు పట్టడం లేదు, స్కానర్ జాబితాలోనే లేదు. డివైస్ మేనేజర్‌లో డాంగిల్ పేరు పక్కన పసుపు త్రికోణం, లోపల కోడ్ 39, అంటే డ్రైవర్ లోడ్ కాలేదు. వర్షన్ చూస్తే విండోస్ 11, 24హెచ్2.

ఇలాంటప్పుడు ఎక్కువ చోట్ల ఇచ్చే సలహా ఒకటే: ఫార్మాట్ కొట్టి విండోస్ 10 మళ్లీ వేయడం. ఈ సిస్టమ్‌లో అది చేస్తే డాంగిల్ సాఫ్ట్‌వేర్, ఫాంట్లు, కీబోర్డ్ సెట్టింగులు, ఏళ్ల తరబడి పోగైన కార్డుల టెంప్లేట్లు అన్నీ మొదటి నుంచి పేర్చుకోవాలి. అప్‌గ్రేడ్ జరిగి పది రోజులు దాటకపోతే ఫార్మాట్ ఊసే ఎత్తక్కర్లేదు. ఇక్కడ మర్నాడే తెలిసింది కాబట్టి ఆ దారి తెరిచే ఉంది.

ఎలా వచ్చిందో ముందు తెలుసుకోవాలి

ఏ దారిన వచ్చిందో తెలియకుండా వెనక్కి తెస్తే వారం తిరిగేలోపు మళ్లీ అదే దారిన వస్తుంది. విండోస్ 11 ఇంటి సిస్టమ్‌లోకి రాగల దారులు మూడు: విండోస్ అప్‌డేట్, ఇన్‌స్టలేషన్ అసిస్టెంట్ అనే చిన్న ప్రోగ్రామ్, పెన్‌డ్రైవ్ లేదా ఐఎస్ఓ (విండోస్ డిస్క్ మొత్తం ఒకే ఫైలుగా) నుంచి నడిపే సెటప్. అసిస్టెంట్ నడిచి ఉంటే సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ ఎక్స్86 కింద విండోస్ ఇన్‌స్టలేషన్ అసిస్టెంట్ పేరుతో ఫోల్డర్ మిగులుతుంది. ఈ సిస్టమ్‌లో అది లేదు, పెన్‌డ్రైవ్ ఎవరూ పెట్టలేదు. మిగిలింది విండోస్ అప్‌డేటే.

సాక్ష్యం ఈవెంట్ లాగ్‌లో ఉంటుంది, కానీ కొత్త విండోస్ లాగ్‌లో వెతికితే దొరకదు. అప్‌గ్రేడ్‌కు ముందటి లాగ్, పాత విండోస్‌ను దాచి ఉంచే విండోస్.ఓల్డ్ ఫోల్డర్‌లో, విండోస్, సిస్టమ్32, విన్‌ఈవీటీ, లాగ్స్ అనే వరుసలో ఉంటుంది. ఈవెంట్ వ్యూయర్‌లో ఓపెన్ సేవ్డ్ లాగ్ నొక్కి అక్కడి సిస్టమ్ ఫైల్ తెరవాలి. విండోస్ అప్‌డేట్ క్లయింట్ రాసిన ఎంట్రీల్లో 44 అంటే డౌన్‌లోడ్ మొదలు, 43 అంటే ఇన్‌స్టాల్ మొదలు, 19 అంటే విజయవంతం. రీస్టార్ట్ ఎవరు చేయించారో 1074 చెబుతుంది. ఇక్కడ విండోస్ 11 పేరుతో 44 శనివారం సాయంత్రం 6 దాటాక పడింది. రీస్టార్ట్ అర్ధరాత్రికి కాస్త ముందు.

ఆ సాయంత్రం సిస్టమ్ ముందున్నది పిల్లలు. లాగిన్ కాగానే స్క్రీన్ నిండా పరుచుకునే విండోస్ 11 ఆహ్వానం ఒకటి ఉంది. ఒప్పుకునే బటన్ నీలిరంగులో పెద్దగా, వద్దనే మాట చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఆట తెరవాలన్న తొందరలో పెద్ద బటన్ నొక్కారు. తరవాత తెర మామూలుగానే వచ్చింది, డౌన్‌లోడ్ వెనకాల సాగింది. యాక్టివ్ అవర్స్ (సిస్టమ్ తనంతట తాను రీస్టార్ట్ కాకూడని వేళలు) మార్చకపోతే విండోస్ 10లో అవి పొద్దున 8 నుంచి సాయంత్రం 5 వరకే. రాత్రి సిస్టమ్ షట్‌డౌన్ చేయకుండా మానిటర్ ఒక్కటే ఆపారు కాబట్టి రీస్టార్ట్‌కు అడ్డేమీ లేకపోయింది. పిల్లల్ని కోప్పడాల్సిన పని లేదు. పెద్దలు కూర్చున్నా అదే బటన్ నొక్కే అవకాశం ఎక్కువ.

ఇది కొత్త వ్యవహారమేమీ కాదు. 2015 జులై 29న విండోస్ 10 వచ్చినప్పుడు విండోస్ 7, 8.1 సిస్టమ్‌ల మీద కేబీ 3035583 అనే అప్‌డేట్ ఇలాంటి ఆహ్వానాన్నే తెచ్చింది. 2016లో ఒక దశలో మూలన ఉన్న ఎర్రటి ఇంటూ గుర్తు నొక్కి ఆ కిటికీ మూసినా, ముందే ఖరారు చేసిన అప్‌గ్రేడ్ రద్దయ్యేది కాదు. కాలిఫోర్నియాలో ట్రావెల్ ఏజెన్సీ నడిపే ఒకావిడ తన ఆఫీసు సిస్టమ్ దీనివల్ల పాడైందని కోర్టుకెక్కితే 10,000 డాలర్లు ఇవ్వాలని తీర్పు వచ్చింది, మైక్రోసాఫ్ట్ అప్పీలు విరమించుకుని ఆ సొమ్ము కట్టింది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఇలాంటి కిటికీని మూసేసి వదలరు. వద్దు అనే మాట ఎక్కడుందో వెతికి దాన్నే నొక్కుతారు.

వెనక్కి తేవడం

మొదట చేసింది స్టోరేజ్ సెన్స్, అంటే అక్కర్లేదనుకున్న ఫైళ్లను విండోస్ తనంతట తాను తుడిచేసే సదుపాయం, ఆపడం. డిస్క్ క్లీనప్ జోలికి ఎవరూ వెళ్లవద్దని ఇంట్లో చెప్పాలి. విండోస్.ఓల్డ్ ఫోల్డర్ 20 జీబీ పైనే ఆక్రమిస్తుంది. 256 జీబీ డిస్క్ నిండిపోతోందని ఎవరైనా దాన్ని తుడిచేస్తే వెనక్కి వెళ్లే దారి మూసుకుపోతుంది.

తరవాత అడ్మిన్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో డిజం కమాండ్‌తో వెనక్కి వెళ్లే గడువు చూడాలి: డిజం, ఖాళీ, స్లాష్ ఆన్‌లైన్, ఖాళీ, స్లాష్ గెట్-ఓఎస్‌అన్‌ఇన్‌స్టాల్‌విండో. ఇంగ్లిష్‌లో కొట్టాలి, చివరి మాటలో అడ్డగీత ఒక్కటే, మిగతాదంతా కలిపి. జవాబు 10 అని వస్తుంది. వెంటనే పని పెట్టుకోలేకపోతే గెట్ బదులు సెట్ అని కొట్టి చివర స్లాష్ వాల్యూ, కోలన్, 60 చేరిస్తే గడువు 60 రోజులవుతుంది. ఇది ఆ పది రోజుల లోపలే చేయాలి. దాటాక చేసినా ఉపయోగం లేదు, ఫోల్డర్ అప్పటికే పోయి ఉంటుంది.

పాత విండోస్‌కు తిప్పే గో బ్యాక్ బటన్ నొక్కే ముందు నాలుగు పనులు. కార్డుల ఫోల్డర్లు, అప్‌గ్రేడ్ తరవాత చేసిన ఫైళ్లతో సహా, బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, డిస్క్ విడిగా తీసి పెట్టాలి. డాంగిల్, స్కానర్ కేబుళ్లు కూడా పీకేయాలి. విండోస్ 10లో వాడిన పాస్‌వర్డ్ గుర్తుండాలి, పిన్ మాత్రమే తెలిస్తే చాలదు. ఆఖరిది కరెంటు. మామూలు యూపీఎస్ పది నిమిషాలకు మించి ఆదుకోదు, రోల్‌బ్యాక్ మధ్యలో కరెంటు పోతే సిస్టమ్ రెంటికీ చెడుతుంది. ఇక్కడ ఇన్వర్టర్ లైనుకు కలిపి మొదలుపెట్టారు.

మంగళవారం, ఆగస్టు 12 మధ్యాహ్నం సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, గో బ్యాక్. కారణం అడుగుతుంది, అప్‌డేట్లు చూడమంటుంది, నో థాంక్స్ అనాలి. ముప్పావుగంటలో విండోస్ 10 వచ్చింది. డాంగిల్ గుచ్చగానే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది, స్కానర్ మళ్లీ కనిపించింది. అప్‌గ్రేడ్ తరవాత వేసిన ప్రోగ్రాములు ఉంటే అవి పోతాయి, ఇక్కడ అలాంటివి లేవు.

మధ్యలో ఒక ప్రశ్న వచ్చింది. విండోస్ 11లోనే ఉండి, దాని డ్రైవర్ రక్షణలు ఆపేసి డాంగిల్ నడిపించకూడదా అని. ప్రమాదకర డ్రైవర్ల బ్లాక్‌లిస్ట్ 2022 నాటి వర్షన్ నుంచి విండోస్ 11లో డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. దాన్ని ఆపితే పాత డ్రైవర్ లోడ్ కావచ్చు. అదే సిస్టమ్‌లో నెట్ బ్యాంకింగ్ కూడా చేస్తున్నప్పుడు ఒక డాంగిల్ కోసం ఆ పని చేయకూడదు.

గతంలో వేసిన తాళం ఎందుకు నిలవలేదు

ఈ సిస్టమ్‌లో ఆరు నెలల ముందే ఎవరో విండోస్ అప్‌డేట్ సర్వీసును డిజేబుల్ చేశారు. అందరూ చెప్పే చిట్కా అదే, అందరి దగ్గరా విఫలమయ్యేదీ అదే. విండోస్ అప్‌డేట్ మెడిక్ సర్వీస్ అని వేరే ఒకటుంది, అప్‌డేట్ భాగాలు చెడితే బాగుచేయడమే దాని పని. మనం ఆపిన సర్వీసు దాని దృష్టిలో చెడిపోయిన భాగం కిందే లెక్క. కొన్నాళ్లకు అది తిరిగి లేపేస్తుంది. ఈలోగా జరిగిన నష్టం ఏమిటంటే, సర్వీసు ఆగి ఉన్న వారాల్లో భద్రతా అప్‌డేట్లు ఒక్కటీ పడలేదు. ఆపాలనుకున్నది అప్‌గ్రేడ్‌ను, ఆగింది రక్షణ.

పాజ్ బటన్ కూడా ఇందుకు పనికిరాదు. విండోస్ 10లో గరిష్ఠం 35 రోజులు. అవి అయిపోయాక పేరుకున్నవన్నీ వేసుకుంటే తప్ప మళ్లీ పాజ్ ఇవ్వదు. హోస్ట్స్ ఫైల్‌లో మైక్రోసాఫ్ట్ సర్వర్ల అడ్రసులు మూసేస్తే డిఫెండర్ నిర్వచనాలు, స్టోర్ కూడా దెబ్బతింటాయి. ఊరూపేరూ లేని సైట్లలో దొరికే అప్‌డేట్ బ్లాకర్ ప్రోగ్రాములకు అడ్మిన్ హక్కు ఇవ్వడం ఇంటి తాళంచెవి దారినపోయేవాడి చేతిలో పెట్టడమే.

కావలసింది ఒక్కటే. నెలనెలా వచ్చే భద్రతా అప్‌డేట్ రావాలి, వర్షన్ మారకూడదు. ఆ రెండింటినీ విడదీసే చోటే తాళం వేయాలి.

మొదటి తాళం: రిజిస్ట్రీలో మూడు విలువలు

రిజిస్ట్రీ అంటే విండోస్ తన సెట్టింగులు రాసుకునే పట్టిక. దాన్ని మార్చే రెగ్‌ఎడిట్ అడ్మిన్‌గా తెరిచి ముందు ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్‌తో బ్యాకప్ తీయాలి. తరవాత లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, మైక్రోసాఫ్ట్, విండోస్ వరకు దిగాలి. ఆ కింద విండోస్‌అప్‌డేట్ అనే కీ ఉండాలి. లేకపోతే రైట్ క్లిక్, న్యూ, కీ, పేరు రెండు మాటలూ కలిపి. ఇక్కడే చాలామంది తప్పుతారు. ఇదే పేరుతో కరెంట్‌వర్షన్ కింద మరో కీ ఉంది, అందులో రాస్తే ఏమీ జరగదు. దారిలో పాలసీస్ అన్న మాట ఉందో లేదో చూసుకోవాలి.

అందులో మొదటిది టార్గెట్‌రిలీజ్‌వర్షన్, 32 బిట్ డీవర్డ్, విలువ 1. విండోస్ 64 బిట్ అయినా ఇది 32 బిట్ డీవర్డే. రెండోది టార్గెట్‌రిలీజ్‌వర్షన్‌ఇన్‌ఫో, స్ట్రింగ్, విలువ 22హెచ్2, అంటే 22 తరవాత ఇంగ్లిష్ హెచ్ అక్షరం, 2. మూడోది ప్రొడక్ట్‌వర్షన్, స్ట్రింగ్, విలువ విండోస్ 10, ఇందులో మాత్రం మాటకీ అంకెకీ మధ్య ఖాళీ ఉంటుంది. పేర్లన్నీ ఇంగ్లిష్‌లో, ఖాళీ లేకుండా.

మూడోదాన్ని వదిలేయడమే ఎక్కువగా జరిగే పొరపాటు. 22హెచ్2 అనే పేరు విండోస్ 10కీ ఉంది, విండోస్ 11కీ ఉంది. వర్షన్ పేరొక్కటే రాసి ఊరుకుంటే ఏ విండోస్ తాలూకు 22హెచ్2 అన్నది చెప్పనట్టే. ప్రొడక్ట్ పేరు రాస్తేనే తాళం పూర్తిగా పడినట్టు.

రీస్టార్ట్ చేశాక విండోస్ అప్‌డేట్ పేజీ పైన, కొన్ని సెట్టింగులను మీ సంస్థ నిర్వహిస్తోంది అనే అర్థంలో ఎర్రటి వరుస కనిపిస్తుంది. ఇంట్లో సంస్థ ఏమిటి, హ్యాక్ అయిందేమో అని కంగారు పడనక్కర్లేదు. పాలసీ చదివిందనడానికి అదే గుర్తు.

ఈ తాళానికి రెండు పరిమితులున్నాయి. మైక్రోసాఫ్ట్ దీన్ని అధికారికంగా ప్రో, ఆపై ఎడిషన్లకే చెబుతుంది. హోమ్‌లో గ్రూప్ పాలసీ ఎడిటరే ఉండదు, అందుకే రిజిస్ట్రీలో నేరుగా రాశాం, అది నిలుస్తుందన్న హామీ లేదు. రెండోది, ఇది విండోస్ అప్‌డేట్ వెతుకులాటకే అడ్డు. ఐఎస్ఓ తెరిచి ఎవరైనా సెటప్ నొక్కితే ఆపదు. కాబట్టి హోమ్ ఎడిషన్‌లో ఇదొక్కటే నమ్ముకుని వదలకూడదు.

రెండో తాళం: టీపీఎం

విండోస్ 11కి టీపీఎం 2.0, అంటే రహస్య కీలను దాచే భద్రతా భాగం, కావాలి. అర్హత లేని సిస్టమ్‌కు విండోస్ అప్‌డేట్ విండోస్ 11ను అందించదు. 8వ తరం ఇంటెల్‌లో టీపీఎం విడి చిప్పుగా కాకుండా ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది, బయాస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల తెర) దాని పేరు పీటీటీ. ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం. దాన్ని డిజేబుల్ చేస్తే సిస్టమ్ అర్హుల జాబితాలోంచి తప్పుకుంటుంది. హోమ్ ఎడిషన్‌కు ఇంతకన్నా గట్టి తాళం లేదు, కానీ తొందరపడి వేస్తే డేటాయే పోతుంది.

ముందుగా సెట్టింగ్స్‌లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ కింద, డిస్క్‌లోని డేటాను కీ లేనిదే చదవలేని రూపంలో ఉంచే డివైస్ ఎన్‌క్రిప్షన్ ఉందేమో చూడాలి. ఉండి ఆన్‌లో ఉంటే, టీపీఎం ఆపిన మరుక్షణం సిస్టమ్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మైక్రోసాఫ్ట్ అకౌంటులో ఉంటుంది. అకౌంటు పాస్‌వర్డ్ మర్చిపోయి, కీ కూడా లేకపోతే డిస్క్ తెరిచే దారి ఉండదు. అందుకే ముందు ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, డీక్రిప్ట్ పూర్తయ్యేదాకా ఆగి, ఆ తరవాతే బయాస్‌లోకి వెళ్లాలి. ఎన్‌క్రిప్షన్ మీద ఆధారపడే లాప్‌టాప్ అయితే, ముఖ్యంగా బయట తిప్పేదైతే, ఈ తాళం వద్దు. ఇది ఇంట్లో కదలకుండా ఉండే డెస్క్‌టాప్, ఎన్‌క్రిప్షన్ మొదటి నుంచీ లేదు కాబట్టి వేశాం.

పిన్‌తో లాగిన్ అయ్యేవాళ్లకు ఆ పిన్ పనిచేయడం ఆగిపోతుంది, పాస్‌వర్డ్‌తో వెళ్లాలి. బయాస్‌లో పీటీటీ వరుస దగ్గరే క్లియర్ టీపీఎం అనే మాట కూడా ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దు. డిజేబుల్ మాత్రమే. ఎఫ్10తో సేవ్ చేసి బయటికి వచ్చాక, రన్ బాక్సులో టీపీఎం కన్సోల్ తెరిస్తే అనుకూలమైన టీపీఎం దొరకలేదు అని రావాలి. విండోస్ అప్‌డేట్ పేజీలో ఆహ్వానం వెంటనే పోదు. ఇక్కడ రెండు రోజుల తరవాత, ఈ పీసీకి విండోస్ 11 కనీస అర్హతలు లేవు అన్న వాక్యం వచ్చింది. అప్పటిదాకా కనిపించే ఆహ్వానం కింద, ప్రస్తుతానికి విండోస్ 10లోనే ఉంటాను అనే చిన్న లింకు నొక్కి ఉంచాలి.

మిగతా చిన్న పనులు

సిస్టమ్‌లో కేబీ 5001716 అనే అప్‌డేట్ ఉందేమో చూడాలి. యాప్స్ జాబితాలో కనిపిస్తుంది. మద్దతు గడువు దగ్గరపడిన లేదా తీరిన సిస్టమ్‌లో ఇది గుర్తుచేసే కిటికీలు చూపించవచ్చనీ, కొత్త వర్షన్‌ను దింపి వేసే ప్రయత్నం చేయవచ్చనీ మైక్రోసాఫ్ట్ రాసిన వివరణలోనే ఉంది. అన్‌ఇన్‌స్టాల్ చేయవచ్చు, తిరిగి రావచ్చు కూడా. తాళాలు పడి ఉంటే అది వచ్చినా పెద్దగా బాధ లేదు.

నోటిఫికేషన్స్ పేజీలో స్వాగత అనుభవం, సెటప్ పూర్తిచేయమనే సూచనలు, చిట్కాలు, ఈ మూడు టిక్కులూ తీసేశాం. యాక్టివ్ అవర్స్ పొద్దున 6 నుంచి రాత్రి 12 వరకు పెట్టాం, గరిష్ఠం 18 గంటలే. పిల్లలకు వేరే స్టాండర్డ్ అకౌంటు తెరిచాం. అప్‌డేట్లు దింపేది సిస్టమ్ సర్వీసు కాబట్టి, ఆ అకౌంటు అప్‌డేట్ పేజీలోని బటన్లను ఆపుతుందనుకోకూడదు. అసిస్టెంట్‌కూ, ఐఎస్ఓ సెటప్‌కూ మాత్రం అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. మొదటి తాళం మూయలేని దారి అలా మూసుకుంది.

నెట్ డేటా పరిమితమని విండోస్‌కు చెప్పే మీటర్డ్ కనెక్షన్ సెట్టింగు ఇక్కడ వాడలేదు. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిచే ఇళ్లలో అది డేటా మిగుల్చుతుంది, కానీ భద్రతా అప్‌డేట్లను కూడా ఆలస్యం చేస్తుంది. పెట్టుకుంటే నెలనెలా చేత్తో చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కాల్సిందే. అప్‌డేట్లు నెలలో రెండో మంగళవారం అమెరికాలో పొద్దున విడుదలవుతాయి, మనకు అది రాత్రి పదిన్నర లేదా పదకొండున్నర. బుధవారం పొద్దున నొక్కితే సరిపోతుంది.

భద్రతా అప్‌డేట్ల గడువు

విండోస్ 10 మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లకు ఈఎస్‌యూ పేరుతో 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు తీసుకునే వీలుంది. అది తీసుకోకుండా తాళాలు మాత్రమే వేస్తే పని సగమే. 22హెచ్2 వర్షన్, అడ్మిన్ హక్కున్న మైక్రోసాఫ్ట్ అకౌంటు ఉండాలి. సెట్టింగులను ఆ అకౌంటుకు బ్యాకప్ చేస్తే ఉచితం, లేదా 1,000 రివార్డ్స్ పాయింట్లు, లేదా 30 డాలర్లు. డబ్బు కట్టినా మైక్రోసాఫ్ట్ అకౌంటు తప్పదు. లోకల్ అకౌంటుతో ఉన్నవాళ్లు ఇక్కడ ఆగిపోతారు.

ఈ సిస్టమ్‌లో రోల్‌బ్యాక్ రోజున ఈఎస్‌యూలో చేరే ఎన్‌రోల్ లింకు నొక్కితే కిటికీ తెరుచుకుని మూసుకుపోయింది. ఆ లోపాన్ని సరిచేసిన అప్‌డేట్ కేబీ 5063709, అదే రాత్రి విడుదలైంది. బుధవారం అది వేసి రీస్టార్ట్ చేశాక ఎన్‌రోల్ పూర్తయింది.

మూడు నెలలు గమనించాం: సెప్టెంబర్ 9, అక్టోబర్ 14, నవంబర్ 11 విడతలు. మూడూ పడ్డాయి. చివరిది ఈఎస్‌యూ ఉన్న సిస్టమ్‌లకే వచ్చేది. ప్రతిసారీ వర్షన్ చూపే విన్‌వర్ కమాండ్‌లో బిల్డ్ 19045గానే ఉండి చుక్క తరవాతి అంకె పెరిగింది. చూడాల్సింది ఆ రెండే. 19045 మారితే తాళం విరిగింది, చుక్క తరవాతి అంకె నెలలు గడిచినా కదలకపోతే అప్‌డేట్లు ఆగాయి.

కొత్త డాంగిల్‌కో, యూనికోడ్ పద్ధతికో పని మార్చుకున్నాక విండోస్ 11కి వెళ్లడం ఇష్టమైతే తాళాలు తీయడం వేసిన వరుసకు తలకిందులు. ముందు పూర్తి బ్యాకప్. తరవాత బయాస్‌లో పీటీటీ ఎనేబుల్. ఆ తరవాత రిజిస్ట్రీలోని మూడు విలువలూ డిలీట్, ఒక్కటి మిగిలినా పేజీ పైన ఆ ఎర్ర వరుస పోదు. రీస్టార్ట్ చేశాక ఆహ్వానం మళ్లీ రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈ వరుసంతా పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి క్యాబినెట్ పక్కన అతికించి ఉంది. బయాస్‌లో టీపీఎం ఎందుకు ఆపి ఉందో ఏడాది తరవాత వచ్చే మెకానిక్‌కు తెలియాలంటే అది అక్కడే ఉండాలి.